పిలిస్తే వచ్చేదెవరు?

2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఒక కొట్టువాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. సరుకు కొన్న మనిషి ఇచ్చిన ఇరవై డాలర్ల నోటు దొంగనోటని వాళ్ళ అనుమానం. పోలీసులు వచ్చారు. జార్జి ఫ్లాయిడ్ అనే ఆ నల్లజాతి మనిషి మెడమీద ఒక పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు ఆనించి ప్రాణం తీశాడు. ఒక నోటు మంచిదో కాదో తేల్చడానికి తుపాకీ కట్టుకున్న మనుషులే ఎందుకు రావాలన్న ప్రశ్న ఆ తర్వాత ఆ దేశపు వీధుల్లో గట్టిగా వినబడింది. ఆపదలో ఉన్నవాళ్ళు పిలిస్తే, ముఖ్యంగా మతి చెదిరినవాళ్ళు, తాగి పడిపోయినవాళ్ళు, చావబోయేవాళ్ళు, ఇంట్లో కొట్లాడుకునేవాళ్ళు ఉన్నచోటికి, ఆయుధం లేని పౌరులను పంపాలన్న వాదన బలపడింది. ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ పట్నంలో 1989 నుంచీ ఒక ఉచిత వైద్యశాలవాళ్ళు ఆ పని చేస్తూనే ఉన్నారు. డెన్వర్ నగరం 2020 జూన్‌లో మొదలుపెట్టింది. యూజీన్‌లో ఆ సేవ 2025 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అంటే అక్కడ కూడా ఇది గెలిచి స్థిరపడిన విషయమేమీ కాదు.

ఈ చర్చ మన దగ్గరికి వచ్చినప్పుడు కొందరు మిత్రులు దీన్ని సంపన్న దేశపు ముచ్చటగా కొట్టిపారేశారు. మనకు ఫోన్ చేస్తే పోలీసులే సమయానికి రారు, ఇంకా పోలీసులు కానివాళ్ళు వస్తారా అన్నారు. ఆ వెటకారంలో నిజం లేకపోలేదు. కానీ నా ఉద్దేశంలో ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. అమెరికా దాన్ని అడగడానికి నలభై ఏళ్ళ ముందే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో జనం అడిగారు, కొంతకాలం తమదైన జవాబు కూడా చెప్పుకున్నారు. ఆ జవాబు ఎట్లా పుట్టింది, ఎక్కడ బాగుంది, ఎక్కడ చెడింది అన్నది మనం పోరాట చరిత్ర రాసేటప్పుడు ఎప్పుడూ ఒక వాక్యంతో దాటేస్తున్నాం. 'సంఘాలు ప్రజా పంచాయితీలు నిర్వహించాయి' అని రాసి తర్వాతి ఎన్‌కౌంటర్‌లోకి వెళ్ళిపోతాం.

సంఘం రాకముందు పిలిస్తే వచ్చేదెవరో ముందు చూడాలి. నిజాం కాలంనుంచి తెలంగాణ పల్లెలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అని ముగ్గురు వతనుదార్లు. మాలీ పటేలుది శిస్తు వసూలు, పట్వారీది లెక్క. దొంగతనం, కొట్లాట, చావు, తగులబాటు వంటివి పోలీసు పటేలుకు చెప్పుకోవాలి. అతను ఠాణాకు కబురు పెట్టాలి. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. కానీ ఆ వతనులు చాలా ఊళ్ళలో దొర కుటుంబానివే, కాకుంటే దొర చెప్పుచేతల్లో ఉండేవాళ్ళవి. కబురు అందుకుని అమీను సాబు ఊరికి వస్తే దిగేది గడిలో. అతని తిండికి కోళ్ళు, గుర్రానికి గడ్డి ఊరి వెట్టితోనే వచ్చేవి. కనుక మాలవాడలో ఒక మనిషిని దొర జీతగాళ్ళు కొట్టి పడేస్తే, ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో సర్కారు నిర్ణయించి పెట్టిన మనిషి ఆ కొట్టించినవాడే. ఠాణా మెట్లెక్కడం నామోషీ అన్న భావన మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దాన్ని పాతకాలపు అమాయకత్వంగా కొందరు రాస్తారు. అది అమాయకత్వం కాదు, రెండు మూడు తరాల అనుభవం. ఈ వతనులను ప్రభుత్వం రద్దు చేసింది 1984 జనవరిలో. ఆ ఘనతను ఎన్.టి. రామారావు ఖాతాలో వేసేవాళ్ళు, అంతకు ఆరేళ్ళ ముందే జగిత్యాల పల్లెల్లో జనం పటేళ్ళకు కబురు పెట్టడం మానేశారన్న సంగతి మరచిపోతారు.

జగిత్యాల పోరాటం గురించి రాసినవాళ్ళు తరచు మద్దునూరుకు చెందిన ఇద్దరు దళితులతో మొదలుపెడతారు. లక్ష్మీరాజం డక్కలివాళ్ళ చేత పురాణాన్ని తమ వాడలో ఆడించాడు. దొర ముందు ఆడవలసిన ఆట వాడలో ఆడడం దొరకు ధిక్కారంగా కనబడింది. పోశెట్టి సర్కారు భూమిలో కాలుమోపాడు. ఇద్దరూ హత్యకు గురయ్యారు. సాహిత్య విద్యార్థులు ఈ మొదటి పేరు దగ్గర కాస్త ఆగాలి. ఒక కళారూపం ఎవరి గుమ్మం ముందు ప్రదర్శితమవుతుందన్నది ప్రాణాలు తీసే ప్రశ్న అయిన నేల ఇది. నా ప్రశ్న ఇంకొకటి కూడా. ఆ రాత్రులలో లక్ష్మీరాజం ఇంటివాళ్ళు ఎవరిని పిలవగలిగేవాళ్ళు? పిలిస్తే వచ్చే మనిషి ఊళ్ళో ఒక్కడు కూడా లేడు. సంఘం ఆ ఖాళీలోంచి పుట్టింది. భూమికోసం, కూలికోసం, వెట్టి రద్దుకోసం పుట్టిందన్నది నిజమే. అయితే మనిషికి భూమికన్నా ముందు కావలసింది తలుపు తట్టితే లేచి వచ్చే మరో మనిషి.

ఎమర్జెన్సీ 1977 మార్చిలో తొలగింది. 1978 ఎండాకాలంలో రాడికల్ విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అని పల్లెలకు వెళ్ళారు. అదే ఏడు సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతులు, కూలీలు కదిలి జరిపిన జైత్రయాత్ర చరిత్రకెక్కింది. రైతుకూలీ సంఘాలు ఊరూరా నిలబడ్డాయి. దొరలు పంచాయితీల పేరుతో ఏళ్ళ తరబడి వసూలు చేసిన దండుగలను తిరిగి కక్కించాయి. మాట వినని దొరను ఊరు బహిష్కరించింది. మంగలి గడ్డం గీయలేదు, చాకలి బట్టలు ఉతకలేదు, జీతగాడు దొడ్లో అడుగుపెట్టలేదు. గడిలోని మనిషి నీళ్ళు తానే తోడుకోవలసి వచ్చింది. ఇందులో ఆయుధం లేదు. చేతులు ముడుచుకోవడమే అక్కడ దెబ్బ. నాకు తెలిసినంతలో ఆ కాలపు దొరలను ఊళ్ళు విడిచి పట్నాలకు పోయేట్టు చేసినవాటిలో ఈ బహిష్కరణకు ఉన్నంత పాత్ర ఇంకొకదానికి లేదు.

ఇక పంచాయితీ. పాతతరం సంఘం మనుషులతో మాట్లాడినప్పుడు నేను గమనించినదేమంటే, జైత్రయాత్ర గురించి చెప్పినంత ఉత్సాహంగా వాళ్ళు పంచాయితీల గురించి చెప్పరు. అదేదో ఇంటిపని లాంటిదన్నట్టు మాట్లాడతారు. ఒడ్డు తెంపిన తగాదా, పశువులు చేలో పడ్డ తగాదా, అప్పు తగాదా, ఆలుమగల తగాదా, అన్నదమ్ముల పాలు పంచుకోవడం. రోజూ ఇవే. కానీ రాజ్యాధికారం గురించి ఇంత రాసిన మనం ఒక సంగతి చూడలేదు. ఊరు తన కొట్లాటను తనే ఆపుకోగలిగిన రోజున ఠాణాకు పోయేవాళ్ళు తగ్గిపోయారు. ఠాణాకు పని తగ్గితే మామూళ్ళు తగ్గుతాయి. దొర దగ్గర పంచాయితీ తగ్గితే దండుగలు తగ్గుతాయి. ఈ ఇద్దరి ఆదాయానికి ఒకేసారి గండి పడింది. 1978లో ప్రభుత్వం అంత భయపడ్డది ఎర్రజెండాలను చూసే అని మనం అనుకుంటున్నాం. ఖాళీగా ఉన్న ఠాణా వరండాను చూసి కూడా భయపడిందని నా అభిప్రాయం.

ఈ పంచాయితీ ఎందుకు పనిచేసింది? వచ్చినవాళ్ళు దేవుళ్ళు కారు, చదువుకున్నవాళ్ళు కూడా తక్కువే. ఠాణా ఎన్నో కోసుల దూరంలో ఉంటే సంఘం మనిషి పక్క గల్లీలో ఉన్నాడు. కొట్టినవాడు ఎవరో, దెబ్బతిన్నవాళ్ళు ఎవరో, ఇద్దరికీ నిరుడు ఏం జరిగిందో అతనికి తెలుసు. అతను మరునాడు కూడా అదే ఊళ్ళో ఉంటాడు. తప్పుడు తీర్పు చెబితే అదే బావి దగ్గర ముఖం చూపించుకోవాలి. వచ్చి, చూసి, కాగితం రాసుకుని, జీపెక్కి పోయే మనిషికి ఈ బాధ్యత లేదు. అమెరికాలో ఇప్పుడు పెద్ద పరిశోధనలు చేసి చెబుతున్న మాట కూడా దాదాపు ఇదే.

కానీ దీన్ని స్వర్ణయుగంగా రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆలుమగల తగాదా వచ్చినప్పుడు పంచాయితీలో కూర్చున్నది ఎవరు? ఎక్కువగా మగవాళ్ళే. వాళ్ళకు తెలిసిన న్యాయం కాపురం నిలబెట్టడం. దెబ్బలు తిన్న ఆడమనిషిని బుద్ధి చెప్పి పంపిన పంచాయితీలు, మగవాడికి నాలుగు తగిలించి న్యాయం చేశామనుకున్న పంచాయితీలు రెండూ ఉన్నాయి. ఆ నాలుగు దెబ్బల కసి ఇంటికి పోయాక ఎవరిమీద తీరిందో ఎవరూ అడగలేదు. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, ఉద్యమంలోపల స్త్రీకి జరిగిన న్యాయం ఎంతో తొలిసారి బయటపడింది. జగిత్యాల తరానికి అట్లాంటి పుస్తకం ఇంకా రావలసే ఉంది. అయితే పోలీసు దగ్గరికి పోవలసిందని దీని అర్థం కాదు. సరిగ్గా 1978 మార్చిలోనే హైదరాబాదులో నల్లకుంట ఠాణాలో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ ప్రాణం పోయింది. ఠాణా ఏం చేయగలదో రాజధాని నడిబొడ్డునే తేలిన సంవత్సరం అది.

ప్రభుత్వ జవాబు 1978 అక్టోబరులో వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. వాడిన చట్టం 1948 నాటిది. కల్లోలిత ప్రాంతంలో నిషేధాజ్ఞను ఉల్లంఘించి గుమిగూడినవాళ్ళమీద కాల్పులకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి మనిషి ఆదేశమివ్వవచ్చు. ఆ చట్టంలో గుంపు అంటే అయిదుగురు. ఒక పంచాయితీకి ఎంతమంది కూర్చోవాలి? వాది, ప్రతివాది, ఇద్దరు పెద్దమనుషులు, ఒక సాక్షి. లెక్క సరిపోయింది. ఊళ్ళలో పోలీసు క్యాంపులు వెలిశాయి. ఏ ఠాణా పిలవని పల్లెకు పిలవకుండానే పోలీసులు వచ్చి కూర్చున్నారు. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' ఈ కాలపు నేపథ్యంలోంచి వచ్చిన నవలే. ఈ నేల సంగతులు తెలియాలంటే ప్రభుత్వ గెజిట్ కంటే అది మెరుగు.

సంఘం బహిరంగంగా కూర్చోలేని పరిస్థితి వచ్చింది. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ ఏర్పడింది, దళాలు వచ్చాయి. ఇక్కడ నేను చెప్పే మాట ఈ పత్రిక పాఠకులలో కొందరికి నచ్చకపోవచ్చు. సంఘం వచ్చే చోటికి దళం రావడం మొదలైన తర్వాత పంచాయితీ స్వభావం మారింది. తుపాకీ ఎవరి భుజాన ఉందన్నది చిన్న విషయం కాదు, దొర కాపలాదారు భుజాన ఉండడం, కూలివాడి కొడుకు భుజాన ఉండడం ఒకటి కాదు. అయినా పంచాయితీ మధ్యలో తుపాకీ ఉన్నప్పుడు వాది గానీ ప్రతివాది గానీ మాట్లాడే మాట వేరుగా ఉంటుంది. ఒప్పుకోలు త్వరగా వస్తుంది. తీర్పు కూడా త్వరగా వస్తుంది. దళం రాత్రికి అడవిలోకి పోతుంది, తీర్పుతో బతకవలసినవాళ్ళు ఊళ్ళో మిగులుతారు. తెల్లవారితే క్యాంపు నుంచి పోలీసులు వచ్చి, పంచాయితీకి ఎవరెవరు పోయారని అడుగుతారు. వచ్చినవాడు మరునాడు ఊళ్ళో ఉండాలన్న ఆ మొదటి బలం పోయింది. ఇన్ఫార్మర్ల పేరుతో జరిగిన చావుల గురించి కె. బాలగోపాల్ వంటివాళ్ళు లేవనెత్తిన ప్రశ్నలు పౌరహక్కుల ఉద్యమంలోపలే చీలికకు దారితీసి 1998లో మానవహక్కుల వేదిక ఏర్పడింది. ఆ చర్చను సిద్ధాంత చర్చగా చదివినవాళ్ళే ఎక్కువ. దాని వెనక ఈ పంచాయితీ ప్రశ్న కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

రెండు తుపాకుల మధ్య నిరాయుధంగా నిలబడినవాళ్ళు ఎంతమంది మిగిలారు? కాల్పులు జరిగిన ఊరికి, ఇళ్ళు కూల్చిన ఊరికి నోటుపుస్తకం పట్టుకుని పోయినవాళ్ళు పౌరహక్కుల సంఘంవాళ్ళు. నిజనిర్ధారణ అంటాం. ఆలస్యంగానైనా పిలిస్తే వచ్చినవాళ్ళు వాళ్ళే. దాని ధర 1985లో తెలిసింది. ఆ ఏడు జగిత్యాలలో పౌరహక్కుల సంఘం బాధ్యుడు గోపి రాజన్నను చంపేశారు. సెప్టెంబరు 3న వరంగల్‌లో, ఒక పోలీసు అధికారి అంత్యక్రియల ఊరేగింపు సాగుతుండగా, పిల్లల డాక్టర్ రామనాథంను కాల్చి చంపారు. పిల్లవాడికి జ్వరమని కబురొస్తే లేచిపోయే వృత్తి ఆయనది. తర్వాత 1997లో ఎస్.ఆర్. శంకరన్ పూనికతో వచ్చిన సంఘం పేరే పౌర స్పందన వేదిక. 1987లో గుర్తేడు దగ్గర దళం అపహరించిన అధికారులలో శంకరన్ ఒకరు. అట్లాంటి మనిషి మళ్ళీ చేతిలో ఏమీ లేకుండా రెండువైపులా మాట్లాడబోయారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ విప్లవ పార్టీలకూ చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అంతా ముగిసింది. ఫలితం చూసి ఆ ప్రయత్నాన్ని తేలిక చేయడం సులువు. కానీ చర్చలు సాగిన ఆ కొద్ది నెలలూ పల్లెలు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి.

విచిత్రమేమంటే, ఆపదలో పిలిస్తే పోలీసు కాని మనిషిని పంపవచ్చునని సర్కారు తానే ఒప్పుకున్నది కూడా ఆ 2005లోనే. ఆగస్టు 15న 108 వాహనాలు మొదలయ్యాయి. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు పెట్టిన సంస్థ నడిపింది. ఆయన లెక్కల సంగతి 2009 జనవరిలో లోకానికి తెలిసింది, అది వేరే కథ. వైద్యం, పోలీసు, అగ్నిప్రమాదం మూడింటికీ ఒకే నంబరు అన్నారు గానీ, జనం దాన్ని అంబులెన్సు నంబరుగానే తీసుకున్నారు. అంతకుముందు రోడ్డుమీద పడ్డవాణ్ణి ముట్టుకోవాలంటేనే భయం. పోలీసు కేసు అని ఆస్పత్రులు తిప్పి పంపేవి. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనం అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పవలసి వచ్చింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోనూ ఒకప్పుడు గాయపడినవాళ్ళను ఆస్పత్రికి చేర్చే పని పోలీసు బండ్లదే. 1967లో అక్కడి నల్లజాతి పేటలో నిరుద్యోగ యువకులకు డాక్టర్ పీటర్ సఫర్ శిక్షణ ఇచ్చి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు నడిపించాడు. తర్వాత దేశమంతా అనుసరించిన పద్ధతి అది. నగర ప్రభుత్వం 1975లో దాన్ని మూసి, ఆ పనిని తన చేతిలోకి తీసుకుంది. గుండెపోటుకు పోలీసు ఎందుకని ఇవాళ ఎవరూ అడగరు. ఒకప్పుడు పోలీసే వచ్చేవాడన్న జ్ఞాపకం కూడా లేదు. సంగతి అంత తొందరగా మామూలైపోతుంది.

మతి చెదిరినవాళ్ళ దగ్గర మాత్రం మామూలు కాలేదు. 1912 నాటి పిచ్చివాళ్ళ చట్టం, 1987 చట్టం, 2017 మానసిక ఆరోగ్య చట్టం మూడూ దిక్కులేక తిరిగే రోగిని తీసుకుపోయే పని ఠాణా అధికారికే అప్పజెప్పాయి. కొత్త చట్టం అతన్ని లాకప్‌లో పెట్టకూడదని, ఇరవైనాలుగు గంటల్లో ఆస్పత్రికి చేర్చాలని చెప్పింది. ఆ మేరకు మెరుగే. కానీ నూరేళ్ళ తర్వాత కూడా వచ్చే మనిషి మారలేదు. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ ఠాణాకు పోకుండా రక్షణాధికారికి చెప్పుకోవచ్చునని 2005 గృహహింస చట్టం అన్నది. కోరుట్లలో ఇంటి వాకిట్లో చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషి కోణంలోంచి ఈ ఏర్పాటును చూడాలి. మగడు గల్ఫ్‌లోనో, లేకుంటే తాగి ఇంట్లోనో ఉంటాడు. ఆ అధికారి జిల్లా కేంద్రంలో, ఆఫీసు వేళల్లో దొరుకుతాడు. దెబ్బలు రాత్రి పడతాయి. ఆ రాత్రి ఆమె 100కు చేసినా, 112కు చేసినా వచ్చేది పోలీసే. పోలీసు దోస్తానీ మంచిది కాదు, దుష్మనీ మంచిది కాదన్న మాట ఆమెకు తెలుసు గనుక ఆమె ఎక్కువసార్లు ఎవరికీ ఫోన్ చేయదు. పక్కింటి బీడీల ఆమె గోడ దగ్గరికి వచ్చి పేరు పెట్టి కేకేస్తుంది. ఆ కేకకు కొన్నిసార్లు చెయ్యి ఆగుతుంది.

చివరికి సిరిసిల్ల. వేలాది మరమగ్గాలున్న ఊరు. పైన సేఠు, నడుమ ఆసామి, కింద కార్మికుడు. నూలు సేఠుది, మగ్గం ఆసామిది, నిద్ర కార్మికుడిది. బట్టకు గిరాకీ పడిపోయినప్పుడల్లా, కరెంటు ధర పెరిగినప్పుడల్లా ఇక్కడ మనుషులు చచ్చిపోతారు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక కొంత తెరిపి వచ్చింది. 2023 చివర ప్రభుత్వం మారి ఆ ఆర్డర్లు ఆగిన తర్వాత, 2024లో చావులు మళ్ళీ పేపర్లకెక్కాయి. ఈ చావులమీద మన కవులు చాలా రాశారు. నేత, పోగు, ఉరి అన్న పదాలు ఎంత సులువుగా ఒకదానికొకటి ప్రతీకలవుతాయో నాకూ తెలుసు. నేను అడిగేది కవిత్వానికి పనికిరాని వివరం. ఆ ఇంటికి రాజ్యం తరఫున మొదట వచ్చే మనిషి ఎవరు?

పంచనామా రాసే పోలీసు. అనుమానాస్పద మరణం గనుక నేరవిచారణ స్మృతి 174వ సెక్షను కింద అతను రావాలి. 2024 జూలై నుంచి కొత్త సంహితలో అది 194. బతికి బయటపడితే ఇంకా విచిత్రం. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన 309వ సెక్షను 2024 జూన్ ఆఖరు దాకా శిక్షాస్మృతి పుస్తకంలో ఉంది. 2017 చట్టం దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసినా పేరుకు మిగిలే ఉంది. రైతు ఆత్మహత్యలకు పరిహారమిచ్చే 421 నంబరు జీవో 2004 జూన్‌లో వచ్చింది. నేతకార్మికులకు ఆపాటి జీవో కోసం కూడా విడిగా కొట్లాడవలసి వచ్చింది. చావు అసలైన చావో కాదో తేల్చే ముగ్గురి కమిటీలో ఆర్డీవో, వ్యవసాయ శాఖ అధికారి, పోలీసు డీఎస్పీ. ముగ్గురిలో ఒక్క డాక్టరు లేడు, మనసు గురించి తెలిసినవాళ్ళు లేరు, ఆ చనిపోయినవాడి పక్కన పనిచేసినవాడు లేడు. అడిగే కాగితాలలో ఎఫ్.ఐ.ఆర్. ఒకటి, పోస్టుమార్టం నివేదిక ఒకటి. అందువల్ల ఆ ఇంటి ఆడమనిషి ఏ ఠాణాకు జీవితమంతా దూరంగా ఉందో ఆ ఠాణా మెట్లే భర్త పోయిన మరునాడు ఎక్కాలి, పోలీసు రాకను తనే కోరుకోవాలి. రాకపోతే పైకం రాదు.

2022 అక్టోబరు నుంచి మానసిక సాయానికి 14416 అనే నంబరు ఉంది. ఫోన్‌లో మాట్లాడతారు. మాట్లాడడం చిన్న పని కాదు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే మగ్గాల షెడ్డులో ఫోన్‌లో మాట వినబడదు. రాత్రి పాళీలో ఒకడు మగ్గం ఆపి చాలాసేపటిదాకా బయటికి పోయి రాకపోతే, మగ్గం మోత ఒకటి తగ్గిందని ముందుగా గుర్తుపట్టేది పక్క మగ్గం మీదున్నవాడు. అతను కూడా తన మగ్గాన్ని ఆపి చూసి రావాలంటే ఆ మీటర్ల కూలి పోతుంది.